నక్కవేట నియమాల్లో నక్క ఎక్కడ?

ఇంగ్లండ్‌లో గుర్రాల మీద సాగే నక్కవేట పొద్దున్నే బాకా ఊదగానే మొదలవుతుందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి అది ముందు రోజు రాత్రే మొదలయ్యేది. చీకటి పడ్డాక నక్క తిండి వెతుక్కుంటూ బొరియ వదిలి వెళ్తుంది. అది అటు వెళ్లగానే ఒక మనిషి లాంతరు, పార పట్టుకుని వచ్చి, బొరియ మూతిలో మట్టీ కంపా కూరి పోయేవాడు. తెల్లవారుజామున తిరిగొచ్చిన నక్కకు ఇల్లు మూసేసి ఉంటుంది. చేసేదేమీ లేక దగ్గర్లో ఏ పొదలోనో ముడుచుకుని పడుకుంటుంది. పదకొండు గంటలప్పుడు వేటకుక్కలు వచ్చి దూరేది ఆ పొదలోకే. ఈ రాత్రి పని చేసేవాణ్ని ‘ఎర్త్ స్టాపర్’ అనేవారు. ఆ పనికి కూలి కూడా ముట్టేది.

నక్క తెలివికీ కుక్క ముక్కుకీ మధ్య సరిసమానమైన పోటీ అని ఈ వేట గురించి రెండు వందల ఏళ్లకు పైగా చెప్పుకుంటూ వచ్చారు. ఆ పోటీలో ఒకరి ఇంటి తలుపు ముందే మూసేయడం తప్పని ఏ నియమమూ అనలేదు. అలాగని నియమాలు తక్కువేం కాదు. ఎవరి హద్దు ఎక్కడివరకు, ఏ కుక్క ఏ వంశానిది, రౌతులు ఎవరి వెనక ఉండాలి, కోటుకు ఏ గుండీలు కుట్టించుకోవాలి, అన్నిటికీ కట్టుబాట్లు ఉన్నాయి. అవన్నీ వేటగాళ్ల మధ్య తగాదాలు తీర్చడానికి పుట్టినవి. బయటివాళ్లు నిలదీసినప్పుడు మాత్రమే నక్క వాటిలోకి వచ్చింది. 2004లో బ్రిటన్ పార్లమెంటు ఈ వేటను నిషేధించినా, ఇరవై ఏళ్లు దాటినా గొడవ తేలకపోవడానికి మూలం అక్కడే ఉంది.

మన పల్లెల్లో రాత్రిళ్లు ఊళ వేసే నక్క, ఇంగ్లండ్ నక్క ఒకటి కావు. అక్కడిది ఎర్రనక్క. వేటకు ఒంటరిగానే తిరుగుతుంది, తోక కుచ్చులా ఒత్తుగా ఉంటుంది. నక్క తోక తొక్కినవాడికి అదృష్టం పట్టిందని మనం అంటాం. అక్కడ ఆ తోకను కోసి, నక్క చచ్చే చోటికి ముందుగా చేరిన రౌతుకు బహుమానంగా ఇచ్చేవారు.

పద్దెనిమిదో శతాబ్దం దాకా ఇంగ్లండ్ ప్రభువులకు అసలు వేట అంటే దుప్పుల వేటే. నక్కను చీడ కింద లెక్కగట్టి, దొరికితే చంపి పారేసేవారు. అడవులు తరిగి, దుప్పులు తగ్గి, పొలాలకు కంచెలు పడ్డాక నక్క మీదికి దృష్టి మళ్లింది. లెస్టర్‌షైర్‌లో క్వోర్న్ హంట్ అనే వేట బృందాన్ని 1753 నుంచి దాదాపు యాభై ఏళ్లు నడిపిన హ్యూగో మేనెల్ ఈ వేట రూపురేఖలే మార్చేశాడు. అంతకుముందు తెల్లవారుతూనే వేటకు వెళ్లేవారు. అప్పుడు నక్క కడుపు నిండి బరువుగా ఉంటుంది, నెమ్మదైన కుక్కలు కూడా పట్టగలవు. మేనెల్ వేగమూ ముక్కూ రెండూ ఉన్న కుక్కల్ని తయారు చేసి, వేటను పొద్దెక్కాక మొదలుపెట్టాడు. తిన్నది అరిగిన నక్క బాగా పరిగెడుతుంది, వెనక గుర్రాలకు మంచి పరుగు దొరుకుతుంది. నక్క చావడం కంటే నక్క పరిగెత్తడం ముఖ్యమైపోయింది.

ఈ మార్పును కోర్టులు కూడా గమనించాయి. నక్క చీడ కాబట్టి దాన్ని తరుముతూ పొరుగువాడి పొలంలోకి వెళ్లినా తప్పు కాదని 1786లో ఒక తీర్పు వచ్చింది. 1809లో ఎర్ల్ ఆఫ్ ఎసెక్స్ అనే భూస్వామి వేసిన కేసులో న్యాయమూర్తి లార్డ్ ఎలెన్‌బరో ముందుకు అదే వాదన వచ్చింది. ఇది చీడను వదిలించుకోవడానికి చేసే పని కాదు, సరదా కోసం చేసేది, కాబట్టి యజమాని వద్దన్న నేల మీద అడుగు పెట్టే హక్కు లేదని ఈసారి తేల్చారు. నక్కవేట రైతుకు సేవా, పెద్దమనుషుల వినోదమా అన్న ప్రశ్నకు ఇంగ్లిష్ న్యాయస్థానం 200 ఏళ్ల కిందే జవాబు చెప్పింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఆ తీర్పు ఎంత సరైనదో తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో వేటకు నక్కలు చాలకపోతే ఫ్రాన్స్, హాలండ్ల నుంచి తెప్పించారు. లండన్ లెడెన్‌హాల్ మార్కెట్లో నక్కల్ని అమ్మేవారు. సంచిలో తెచ్చి వేట జరిగే చోట వదిలేవారు. నక్కలు పిల్లలు పెట్టడానికి వీలుగా పొదలు పెంచారు, కృత్రిమంగా బొరియలు కట్టించారు. తన కోళ్లు పోతున్నాయని ఎవరైనా నక్కను తుపాకీతో కాలిస్తే ఆ ప్రాంతం పెద్దమనుషులు అతన్ని వెలివేసినంత పని చేసేవారు. నక్కను అలా చంపడానికి ‘వల్పిసైడ్’ అని ఒక పేరే స్థిరపడింది. రైతు నోరు మూయించడానికి చాలా హంట్‌లు కోళ్ల ఫండ్ పెట్టి నష్టపరిహారం ఇచ్చేవి. చీడను ఎవరూ బయటి దేశం నుంచి కొని తెచ్చుకోరు. నక్కల సంఖ్యను అదుపు చేయడానికే వేట అన్న మాట ఈ చరిత్ర ముందు నిలబడదు.

ఇక పాలన సంగతి. ఒక్కో హంట్‌కు ‘కంట్రీ’ అని ఒక ప్రాంతం ఉంటుంది. నక్కను ఆ ప్రాంతంలోనే వెతకాలి. లేచిన నక్క హద్దు దాటితే వెంట వెళ్లవచ్చు గానీ, పొరుగు హంట్ పొదల్లో కొత్త నక్క కోసం వెతకకూడదు. ఈ హద్దుల మీద తగాదాలు పెద్దవై, 1856లో లండన్‌లోని బూడుల్స్ క్లబ్బులో, హంట్‌లను నడిపే ‘మాస్టర్లు’ ఒక కమిటీ వేసుకున్నారు. 1881లో మాస్టర్స్ ఆఫ్ ఫాక్స్‌హౌండ్స్ అసోసియేషన్ ఏర్పడింది. హద్దులు, హంట్‌ల గుర్తింపు, కుక్కల వంశావళి పుస్తకం, మాస్టర్ల నడవడిక దాని చేతిలోకి వచ్చాయి. సభ్యులు మాస్టర్లే, నియమాలు రాసేది మాస్టర్లే, తప్పు చేసిన మాస్టర్‌ను విచారించేదీ మాస్టర్లే. అమెరికాలోనూ కథ దాదాపు ఇంతే. 1905లో వర్జీనియాలో ఇంగ్లిష్ హౌండ్లు (వేటకుక్కలు) గొప్పవా, అమెరికన్ హౌండ్లు గొప్పవా అని పెద్ద పందెం జరిగింది. ఆ వేడిలోంచి 1907లో అక్కడి మాస్టర్ల సంఘం పుట్టింది.

వేట రోజు ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇవాళ్టి చట్టపు వాదనంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. హౌండ్లను జతల్లో లెక్కపెడతారు. 35 కుక్కలు వస్తే ‘పదిహేడున్నర జతలు’ అంటారు. కుక్కల్ని నడిపేవాడు హంట్స్‌మన్. పక్కకు పోయేవాటిని గుంపులోకి మళ్లించేవాడు విప్పర్-ఇన్. వెనక వచ్చే రౌతులంతా కలిపి ‘ఫీల్డ్’. పొదలోకి కుక్కల్ని వదిలాక ఎవరూ నోరు మెదపరు. ఒక హౌండ్ ముక్కు నేలకు ఆనించి, తోక ఊపడం మొదలుపెడుతుంది. తర్వాత గొంతు విప్పుతుంది. నమ్మకమైన కుక్క గొంతు వినగానే మిగతావి దాని దగ్గరికి పరుగెత్తి వాసన పట్టి, తామూ అరుస్తాయి. వాసన లేకుండానే అరిచే కుక్కను ‘బాబ్లర్’ అంటారు. గుంపులో దానికి చోటుండదు. నక్కను వదిలి దుప్పి వెనకో కుందేలు వెనకో పడటాన్ని ‘రయట్’ అంటారు. ఇంతకన్నా పెద్ద తప్పు హౌండ్‌కు లేదు. కళ్ల ముందు నుంచి దుప్పి దూకినా తల తిప్పని కుక్కల్ని తయారు చేశానని చెప్పుకోవడమే హంట్స్‌మన్‌కు గర్వం.

ఈ శిక్షణ ఆగస్టు చివర మొదలై అక్టోబర్ దాకా సాగేది. దాన్ని ‘కబ్బింగ్’ అనేవారు. కుర్ర కుక్కల్ని ముసలి కుక్కలతో కలిపి, నక్కపిల్లలున్న పొదను మనుషులు చుట్టుముట్టి లోపలికి వదిలేవారు. ఏ వాసన వెంట పడాలో, పట్టాక ఏం చేయాలో కుర్ర కుక్కలు అక్కడ నేర్చుకునేవి. పెద్ద సీజన్ నవంబర్ నుంచి మార్చి దాకా. ఎర్రకోట్లు, గుర్రాలు, డిసెంబర్ 26న ఊరి కూడలిలో జనం, అన్నీ ఆ పెద్ద సీజన్‌వి. కబ్బింగ్ ఫొటోలు మాత్రం క్యాలెండర్లకు ఎక్కలేదు.

సంఘం తన సొంతవాళ్ల మీద చర్య తీసుకోలేదని అనడం అన్యాయం. 1991లో క్వోర్న్ హంట్‌లో నక్కను బొరియలోంచి తవ్వి కుక్కల ముందుకు వదిలిన వీడియో బయటపడింది. మాస్టర్లు రాజీనామా చేశారు, సంఘం విచారణ జరిపింది, నియమాలు బిగించారు. కానీ ఆ వీడియో తీసింది సంఘం కాదు, వేటను వ్యతిరేకించే లీగ్ అగైనెస్ట్ క్రూయల్ స్పోర్ట్స్ మనుషులు. తర్వాత కూడా పెద్ద కేసుల్లో ఇదే వరస. దాచిపెట్టిన కెమెరా ఎవరిదో ఒకరిది, పరువు కాపాడుకునే పని సంఘానిది. తనంతట తాను పొలాల్లోకి వెళ్లి తనిఖీ చేసే అలవాటు లేని రెఫరీ, ఎవరో విజిల్ వేసేదాకా ఆట చూస్తూనే ఉంటాడు.

1997లో లేబర్ ప్రభుత్వం వచ్చాక, మైకేల్ ఫోస్టర్ అనే ఎంపీ తెచ్చిన నిషేధ బిల్లుకు పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో 411–151 తేడాతో మద్దతు దొరికింది. ఆ బిల్లు చివరిదాకా నడవలేదు. ప్రభుత్వం లార్డ్ బర్న్స్ కమిటీని వేసింది. 2000 జూన్‌లో వచ్చిన ఆ నివేదికను రెండు పక్షాలూ తమకు కావలసినంత మేరకే చదువుకున్నాయి. కుక్కలు పట్టాక నక్క చాలా సందర్భాల్లో సెకన్లలోనే స్పృహ కోల్పోతుందని అది చెప్పింది. అయినా ఆ తరమడం, పట్టడం, చంపడం కలిపి చూస్తే నక్క క్షేమానికి గట్టి దెబ్బ అని కూడా చెప్పింది. గుర్రాల మీద వేటాడే హంట్‌లు ఏడాదికి 21,000 నుంచి 25,000 నక్కల్ని చంపుతున్నాయని లెక్కగట్టింది. ఆ మరుసటి ఏడాది పశువుల్లో గాలికుంటు వ్యాధి ప్రబలి, దాదాపు పది నెలలు వేట పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు నక్కలు పెరిగాయా అని నేల మీద వాటి పెంటలు లెక్కపెట్టి చూసిన శాస్త్రవేత్తలకు పెరిగిన జాడ కనిపించలేదు. వేట ఆగితే నక్కలు ముంచెత్తుతాయన్న భయానికి ఇంతకంటే సూటి పరీక్ష దొరకదు.

పల్లెల వాదనను మాత్రం కొట్టిపారేయకూడదు. 2002 సెప్టెంబర్ 22న నిషేధం వద్దంటూ లండన్ వీధుల్లో 4 లక్షల మందికి పైగా నడిచారు. అంతమందీ ఎర్రకోటు వేసుకునే దొరలు కారు. గుర్రాలకు నాడాలు కొట్టేవాళ్లు, కెన్నెళ్లలో (కుక్కల శాలల్లో) పనిచేసే కూలీలు, చిన్న రైతులు ఉన్నారు. చచ్చిపోయిన ఆవునో గొర్రెనో రైతు పొలం నుంచి తీసుకెళ్లి కుక్కలకు వేసేది ఊరి హంటే. చలికాలంలో నలుగురూ కలిసే సందర్భం కూడా అదే. పట్నంవాళ్లు తమ బతుకు మీద తీర్పు చెబుతున్నారన్న బాధ నిజమైనది. ఆ బాధకు నక్క ప్రాణం మూల్యం కావాలా అన్నది వేరే ప్రశ్న.

హంటింగ్ యాక్ట్ 2004 నవంబర్‌లో ఆమోదం పొంది, 2005 ఫిబ్రవరి 18న ఇంగ్లండ్, వేల్స్‌లలో అమల్లోకి వచ్చింది. ఎగువ సభ లార్డ్స్ ఒప్పుకోకపోతే, 1911, 1949 నాటి పార్లమెంట్ చట్టాలను వాడి కామన్స్ సభ ఒక్కతే దాన్ని గట్టెక్కించింది. ఇది చెల్లదని వేసిన కేసును అప్పటి అత్యున్నత న్యాయమూర్తులైన తొమ్మిదిమంది లా లార్డులు కొట్టేశారు. అంతకుముందు ప్రభుత్వం లైసెన్సు పద్ధతి తెద్దామనుకుంది: అవసరం ఉందని, అతి తక్కువ బాధ కలిగే దారి ఇదేనని నిరూపిస్తేనే అనుమతి. కామన్స్ సభ్యులు దాన్ని పక్కనపెట్టి పూర్తి నిషేధం కోరారు. ఆ పద్ధతే వచ్చి ఉంటే రుజువు చేసే బరువు హంట్ మీద పడేది. నిషేధం పేరుతో వచ్చిన చట్టం ఆ బరువును పోలీసుల నెత్తిన పెట్టింది.

చట్టంలో మినహాయింపులు చాలా ఉన్నాయి. రెండుకు మించని కుక్కలతో నక్కను లేపి కాల్చవచ్చు. డేగ చేత పట్టించడానికైతే కుక్కల సంఖ్యకు పరిమితి లేదు. అందుకే కొన్ని హంట్‌లు గుర్రాల మధ్యలో ఒక గద్దను మోసుకుని తిరిగాయి. తప్పు రుజువైనా జైలు లేదు, జరిమానా మాత్రమే. 2009లో హైకోర్టు ఇంకో మూడు చిక్కుముళ్లు విప్పింది. ఉద్దేశం లేనిదే వేట కాదు, జంతువు కోసం వెతకడం వేట కిందకు రాదు, మినహాయింపు వర్తించదని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్ అని తేల్చింది. అంటే ముప్పై కుక్కల్ని పొదలోకి తోలడం నేరం కాదు. నక్క లేచాక హంట్స్‌మన్ మనసులో ఏముందో కోర్టులో చూపించగలిగితేనే నేరం.

ఈ సందులోంచి పుట్టింది ‘ట్రైల్ హంటింగ్’. నక్క మూత్రం వాసన పట్టించిన గుడ్డను ఒకరు ముందుగా ఈడ్చుకుంటూ వెళ్తారు. కుక్కలు ఆ జాడ పట్టి పరుగెడతాయి. జాడ ఎటు వెళ్లిందో హంట్స్‌మన్‌కు చెప్పరు, అసలు వేటలా ఉండాలని. దారిలో నిజం నక్క లేస్తే, కుక్కలు దాని వెనక పడితే, అది ప్రమాదవశాత్తూ జరిగిందంటారు. ఇంకో ఆట ‘డ్రాగ్ హంటింగ్’ ఎప్పటి నుంచో ఉంది. అందులో సోంపు లాంటి వాసన వాడతారు, దారి ముందే తెలుసు, నక్కలుండే పొదల్ని తప్పించి గీస్తారు. అక్కడ ఇలాంటి ప్రమాదాలు అరుదు. తేడా అంతా ఈ ఎంపికల్లోనే ఉంది.

కుక్కల లోకంలోని మాటల్నే ఇక్కడ ఆనవాలుగా తీసుకోవచ్చు. దుప్పి కనబడినా తల తిప్పకుండా కుక్కను తీర్చిదిద్దగలమని హంట్స్‌మన్‌లు తరతరాలుగా చెబుతూ వచ్చారు. అలా తిప్పితే దాన్ని తప్పుగా ఎంచి, దిద్దారు. చట్టం వచ్చాక నక్క కూడా దుప్పి లాంటిదే కావాలి. నక్క వెనక పడటం కూడా ‘రయట్’ కావాలి. అలా జరగాలంటే చేయాల్సిన మొదటి పని, కుక్కపిల్లలకు నక్క వాసన నేర్పడం మానేయడం. నక్క వాసనే జాడగా వాడుతూ, నక్కలుండే పొదల గుండానే నడుపుతూ, కుక్క నక్క వెనక పోయిందని ఆశ్చర్యపడటం కుదరదు. పైగా ట్రైల్ హంట్‌ల వెనక క్వాడ్ బైకు మీద పార, టెర్రియర్ కుక్కలు వేసుకుని ‘టెర్రియర్‌మన్’ రావడం ఆగలేదు. బొరియలో దాక్కున్న నక్కను తవ్వి తీయడం అతని పాత పని. కంచెలు బాగుచేయడానికి వస్తున్నాడని హంట్‌లు అన్నాయి. కంచె బాగుచేయడానికి టెర్రియర్ అవసరం లేదు.

2020 ఆగస్టులో మాస్టర్ల సంఘం తన సభ్యుల కోసం ఆన్‌లైన్‌లో శిక్షణ సమావేశాలు పెట్టింది. వాటి రికార్డింగులు వేట వ్యతిరేకుల చేతికి చిక్కి ఆ నవంబర్‌లో బయటపడ్డాయి. ట్రైల్ వేయడాన్ని ముసుగుగా వాడుకోవడం గురించి మాట్లాడారంటూ సంఘం డైరెక్టర్ మీద కేసు పెట్టారు. 2021లో మెజిస్ట్రేట్ కోర్టు దోషి అంది. 2022లో అప్పీలు విన్న క్రౌన్ కోర్టు, ఆ మాటలకు నేరపు అర్థమే ఉందని నిస్సందేహంగా చెప్పలేమని శిక్ష కొట్టేసింది. చట్టం ముందు ఆయన నిర్దోషి. కానీ కోర్టు తలుపు తట్టని నష్టం అప్పటికే జరిగిపోయింది. పాత కట్టడాలు, నేలలు కాపాడే నేషనల్ ట్రస్ట్, ప్రభుత్వ అడవులు చూసే ఫారెస్ట్రీ ఇంగ్లండ్ తమ నేలల మీద ట్రైల్ హంటింగ్ అనుమతులు నిలిపేశాయి. 2021లో ఓటేసిన నేషనల్ ట్రస్ట్ సభ్యుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు, ఆ తలుపు శాశ్వతంగా మూసుకుంది. 1809లో ఎర్ల్ చేసిన పనే ఇది, నేల నాది, రావద్దు అనడం. ఇరవై ఏళ్ల నిషేధ చట్టం చేయలేని పనిని ఒక భూయజమాని చేయగలిగాడు.

2022లో పాత సంఘాల స్థానంలో బ్రిటిష్ హౌండ్ స్పోర్ట్స్ అసోసియేషన్ వచ్చింది, విచారణలకు వేరుగా హంటింగ్ రెగ్యులేటరీ అథారిటీ వచ్చింది. వేరు చేయడం మంచి అడుగే. ఐతే ఆ రెగ్యులేటర్‌కు అధికారం ఇచ్చింది సభ్యులే, రాజ్యం కాదు.

స్కాట్లాండ్ ముందే నిషేధించి, ముందే పాఠం నేర్చుకుంది. 2002 చట్టం అక్కడ మొత్తం గుంపుతో నక్కను తుపాకుల ముందుకు లేపడానికి వీలిచ్చింది. లార్డ్ బోనమీ 2016లో చేసిన సమీక్ష తర్వాత, 2023 చట్టం రెండు కుక్కల పరిమితి పెట్టింది, అంతకు మించి కావాలంటే లైసెన్సు తప్పనిసరి చేసింది, ట్రైల్ హంటింగ్‌ను కూడా నిషేధించింది. ఉత్తర ఐర్లండ్‌లో 2021లో తెచ్చిన బిల్లు ఓడిపోయింది, వేట ఇప్పటికీ అక్కడ చట్టబద్ధమే.

మన దగ్గరా ఒక చిన్న ఉదాహరణ ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో దొరలు ఎండాకాలం ఊటీ చేరి, వెన్‌లాక్ డౌన్స్ గడ్డిమైదానాల్లో ఇంగ్లిష్ హౌండ్లతో మన నక్కల్ని తరిమేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఊటీ హంట్ కృత్రిమ వాసన జాడకు మారింది. గుర్రాలు మిగిలాయి, కోట్లు మిగిలాయి, బాకా మిగిలింది. నక్క మాత్రం పరిగెత్తనక్కర్లేదు.

ట్రైల్ హంటింగ్‌ను కూడా నిషేధిస్తామని లేబర్ పార్టీ 2024 ఎన్నికల మేనిఫెస్టోలో మాటిచ్చింది. ఆ చట్టం ఎలా రాస్తారన్నదే అసలు విషయం. ‘ఉద్దేశం’ అన్న మాట ఒక్కటే ఉంచితే ఇంకో పేరుతో ఇదే కథ నడుస్తుంది. అజాగ్రత్త వల్ల కుక్కలు నక్క మీద పడినా బాధ్యత హంట్‌దేనని రాయాలి. జంతువు వాసనను జాడగా వాడటాన్ని ఆపాలి. కెన్నెళ్లలో ఇప్పుడున్న హౌండ్ల గురించి కూడా ఆలోచించాలి. వయసు మళ్లి గుంపు వేగం అందుకోలేని హౌండ్‌ను ఆరేడేళ్లకే కాల్చేయడం అక్కడి మామూలు. మందలో పెరిగిన ఈ కుక్క ఇంట్లో ఇమడడం కష్టం. నక్క వాసనకు అలవాటు పడ్డ పెద్ద కుక్క సోంపు జాడకు మళ్లడం కష్టం, కొత్తగా పుట్టే పిల్లలు మళ్లుతాయి. వాటికి మొదటి నుంచీ వేరే వాసన నేర్పి, పెద్దవాటిని వాటి ఆయుష్షు తీరేదాకా మేపడానికి ఒకటి రెండు సీజన్ల గడువు, దానికి కావలసిన డబ్బు చట్టంలోనే రాయాలి.